లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై ఎందుకు మొండికేస్తుంది? దీని వెనక 20 ఏళ్ల గొడవ | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

ఈరోజు టాపిక్ లైనక్స్‌లో వైఫై. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేశారు. స్క్రీన్ బాగుంది, సౌండ్ వస్తోంది, టచ్‌ప్యాడ్ పనిచేస్తోంది. పైన మూల వైఫై గుర్తు మాత్రం లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్తే "అడాప్టర్ దొరకలేదు" అంటుంది. అడాప్టర్ ఏమో లోపలే ఉంది, నిన్నటిదాకా విండోస్‌లో పనిచేసింది కూడా.

దీనికి ఫిక్స్ చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఈ కమాండ్ కాపీ చెయ్యి, పేస్ట్ చెయ్యి, రీస్టార్ట్ కొట్టు. వస్తే వచ్చింది, లేకపోతే లేదు. నేను ఈరోజు కమాండ్లు తక్కువ, కథ ఎక్కువ చెప్తా. ఎందుకంటే ఆ ఎర్రర్ మెసేజ్‌లలో కనిపించే మాటలు చాలావరకు పాత గొడవలు వదిలిపెట్టిన గుర్తులే. గొడవ ఏంటో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ముందు ఒక డౌట్. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచేది కూడా లైనక్స్ కెర్నెలే కదా. వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే రౌటర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్ పేరు డబ్ల్యూపీఏ సప్లికెంట్. ఫిన్లాండ్‌కి చెందిన యౌని మాలినెన్ రాశాడు. లైనక్స్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో ఉండేది కూడా అదే ప్రోగ్రామ్. మరి ఫోన్‌లో రాని ఇబ్బంది ల్యాప్‌టాప్‌లో ఎందుకు? ఫోన్ కంపెనీ ఏ చిప్ పెట్టాలో తనే నిర్ణయించుకుని, చిప్ చేసినవాళ్ల దగ్గర డ్రైవర్ తీసుకుని, అన్నీ సెట్ చేసి మనకి అమ్ముతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ కూడా అదే చేస్తుంది, కాకపోతే విండోస్ కోసం. మనం విండోస్ తీసేసిన రోజున ఆ ఏర్పాటంతా దాంతోపాటే పోతుంది.

వైఫై కార్డు పనిచెయ్యాలంటే ముఖ్యంగా రెండు సాఫ్ట్‌వేర్లు కావాలి. ఒకటి డ్రైవర్. ఇది మన ప్రాసెసర్ మీద, కెర్నెల్ లోపల నడుస్తుంది. రెండోది ఫర్మ్‌వేర్. ఇది కార్డు లోపల ఉన్న చిన్న ప్రాసెసర్ మీద నడుస్తుంది. చాలా కార్డుల్లో ఈ ఫర్మ్‌వేర్ పర్మనెంట్‌గా ఉండదు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ దాన్ని హార్డ్ డిస్క్ నుంచి తీసి కార్డులోకి ఎక్కించాలి. కార్డులో ఫ్లాష్ మెమరీ పెట్టే ఖర్చు కంపెనీకి మిగిలింది, ఆ తలనొప్పి మనకి వచ్చింది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. 802.11 స్టాండర్డ్ వచ్చింది 1997లో. అంతకుముందే, 1996లో, హెచ్‌పీలో పనిచేసే జాన్ టూరిల్ అనే ఇంజనీర్ లైనక్స్‌లో వైర్‌లెస్ కార్డులకు ఒక కామన్ పద్ధతి తయారుచేశాడు. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే ఐడబ్ల్యూకాన్ఫిగ్ కమాండ్ ఆయన ప్యాకేజీలోదే. అప్పట్లో కార్డులు తక్కువ, వాటి వివరాలు కొంత దొరికేవి, నడిచిపోయింది.

1999లో యాపిల్ ఐబుక్‌తో వైఫై మామూలు జనాల్లోకి వచ్చింది. 2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో తెచ్చింది. ప్రాసెసర్, చిప్‌సెట్, వైఫై కార్డు, మూడూ ఇంటెల్‌వే అయితేనే ల్యాప్‌టాప్ మీద ఆ స్టిక్కర్. దాంతో ల్యాప్‌టాప్ అంటే వైఫై ఉండాల్సిందే అయిపోయింది. కానీ రిలీజ్ నాటికి ఇంటెల్ దగ్గర ఆ కార్డుకి లైనక్స్ డ్రైవర్ లేదు. 2004లో గానీ ఓపెన్ సోర్స్‌గా బయటికి రాలేదు. మిగతా కంపెనీలు ఆ మాత్రం కూడా చెయ్యలేదు. ముఖ్యంగా బ్రాడ్‌కామ్. అప్పట్లో బోలెడన్ని ల్యాప్‌టాప్‌లలో ఉన్నది వాళ్ల చిప్పే. లైనక్స్ డ్రైవర్ లేదు, చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే డాక్యుమెంట్ కూడా ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదు? ఒక కారణం అందరికీ తెలిసిందే, పోటీ కంపెనీకి సీక్రెట్ తెలిసిపోతుందని భయం. ఇంకో కారణం రేడియో చట్టం. వైఫై కార్డు అంటే రేడియో. ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత పవర్‌తో పంపాలో చాలా చిప్‌లలో సాఫ్ట్‌వేరే చెప్తుంది. సోర్స్ కోడ్ ఇస్తే ఎవరో ఒకరు మార్చేసి లైసెన్స్ ఉన్న ఫ్రీక్వెన్సీల్లోకి వెళ్తారు, అప్పుడు అమెరికా రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ మమ్మల్ని పట్టుకుంటుంది అని ఎథెరోస్ లాంటి కంపెనీలు చెప్పేవి. ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ అదే ఎథెరోస్ తర్వాత ఏం చేసిందో చూస్తే, అది పూర్తి కారణం అయితే కాదనిపిస్తుంది నాకు.

సరే, డ్రైవర్ లేదు. అప్పుడు జనం ఏం చేశారంటే, విండోస్ డ్రైవర్‌నే లైనక్స్‌లో నడిపారు! జోక్ కాదు. 2003లో మొదలైన ఎన్‌డీఐఎస్‌రాపర్ అనే ప్రాజెక్ట్ అదే. విండోస్ డ్రైవర్ ఫైల్‌ని లైనక్స్ కెర్నెల్‌లోకి లోడ్ చేసి, "నువ్వు ఇంకా విండోస్‌లోనే ఉన్నావు" అని దాన్ని నమ్మించడం. డ్రైవర్ అడిగే విండోస్ ఫంక్షన్లన్నీ వీళ్లు లైనక్స్‌లో మళ్లీ రాశారు. దీన్ని రాసినవాళ్లు పాంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని. ఆ ఇంటిపేరు వినగానే మీలో కొంతమంది నవ్వుకుని ఉంటారు, నేనూ నవ్వుకున్నా.

ఇది పనిచేసేది. కానీ ఎవరో రాసిన, సోర్స్ కనిపించని కోడ్ కెర్నెల్ నడిబొడ్డులో నడుస్తుంటే, క్రాష్ అయితే ఎవరు చూడాలి? కెర్నెల్ డెవలపర్లు ఇలాంటి మాడ్యూల్ లోడ్ అయిన సిస్టమ్‌ని "టెయింటెడ్" అని మార్క్ చేస్తారు. అంటే "నీ బగ్ మేం చూడం" అని మర్యాదగా చెప్పడం.

ఇప్పుడు కథలో నాకు బాగా నచ్చిన భాగం. 2002 చివర్లో లింక్‌సిస్ ఒక నీలం-నలుపు రౌటర్ రిలీజ్ చేసింది, డబ్ల్యూఆర్‌టీ54జీ. విపరీతంగా అమ్ముడుపోయింది. 2003లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. ఆ ఏడాది జూన్‌లో ఆండ్రూ మిక్లాస్ అనే అతను ఆ రౌటర్ సాఫ్ట్‌వేర్‌ని విప్పి చూసి, ఇందులో ఉన్నది లైనక్సే అని కెర్నెల్ డెవలపర్లకు రాశాడు. లైనక్స్ లైసెన్స్ జీపీఎల్. దాన్ని ఫ్రీగా వాడుకో, మార్చుకో, కానీ ఇంకొకరికి ఇస్తే సోర్స్ కూడా ఇవ్వాలి. లింక్‌సిస్ ఇవ్వలేదు. గొడవ పెద్దదైంది, కొన్ని వారాల్లోనే సోర్స్ బయటపెట్టాల్సి వచ్చింది. 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది ఆ సోర్స్ నుంచే. పేరులోనే ఆ రౌటర్ ఉంది చూడండి.

కానీ ఇచ్చిన సోర్స్‌లో ఒక్క ముక్క మాత్రం లేదు. వైఫై డ్రైవర్. అది సోర్స్ లేకుండా ఉత్త బైనరీగా ఇచ్చారు. ఆ రౌటర్‌లో ఉన్న చిప్ ఎవరిది? బ్రాడ్‌కామ్‌ది!

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బ్రాడ్‌కామ్ దగ్గర లైనక్స్ డ్రైవర్ ఉంది. లక్షల ఇళ్లలో రౌటర్ లోపల అది నడుస్తోంది. ల్యాప్‌టాప్‌లో అదే ఫ్యామిలీ చిప్ ఉన్నవాడికి మాత్రం "లైనక్స్‌కి లేదు". రౌటర్‌లో ఉన్నది మిప్స్ ప్రాసెసర్, ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ రకం. కాబట్టి ఆ బైనరీని తెచ్చి ఇక్కడ పెట్టినా నడవదు. కానీ చదవచ్చు కదా?

కొంతమంది అదే చేశారు. చదివారు, లైన్ తర్వాత లైన్, మిషన్ కోడ్. ఇక్కడ చట్టం ప్రాబ్లమ్ ఒకటి ఉంది. బ్రాడ్‌కామ్ కోడ్ చూసి నువ్వే డ్రైవర్ రాస్తే, "కాపీ కొట్టావు" అని కేసు వేయచ్చు. అందుకే క్లీన్ రూమ్ అనే పద్ధతి వాడారు. రెండు టీమ్‌లు. మొదటి టీమ్ బైనరీని చదివి, చిప్‌లో ఏ రిజిస్టర్‌లో ఏ నంబర్ రాస్తే ఏమవుతుందో మామూలు ఇంగ్లిష్‌లో డాక్యుమెంట్ రాస్తుంది. కోడ్ రాయదు. రెండో టీమ్ ఆ డాక్యుమెంట్ మాత్రమే చూసి కోడ్ రాస్తుంది. బైనరీ వైపు కన్నెత్తి చూడదు. ఫేమస్ హోటల్ బిర్యానీ ఒకడు తిని, ఏ మసాలా ఎంత పడిందో చీటీ రాసి ఇస్తే, ఆ హోటల్ మెట్లు కూడా ఎక్కని ఇంకొకడు చీటీ చూసి వండినట్టు. 1980ల్లో కాంపాక్ కంపెనీ ఐబీఎం పీసీ బయోస్‌ని మళ్లీ రాసింది కూడా ఇలాగే.

2005 డిసెంబర్‌లో ఈ టీమ్ డ్రైవర్ పనిచేస్తోందని ప్రకటించింది. మైఖేల్ బ్యుష్, మార్టిన్ లాంగర్, స్టెఫానో బ్రివియో, డానీ వాన్ డైక్, ఆండ్రియాస్ యాగి. సోర్స్ ఫైల్ తెరిస్తే పైన ఈ పేర్లు కనిపిస్తాయి. కంపెనీ నుంచి ఒక్క పేజీ సాయం లేకుండా చేసిన పని ఇది. 2006 జూన్‌లో వచ్చిన 2.6.17 కెర్నెల్‌లో బీసీఎం43ఎక్స్ఎక్స్ పేరుతో చేరింది. తర్వాత దాన్ని మార్చి రాసిన వెర్షన్ పేరు బీ43. ఇప్పటికీ పాత డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో ఈ పేరు మీకు తగలచ్చు.

అయిపోయిందా? లేదు. ఫర్మ్‌వేర్ గుర్తుందా? డ్రైవర్ అయితే కొత్తగా రాశారు. కార్డు లోపలికి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ మాత్రం బ్రాడ్‌కామ్ కాపీరైటే. పంచిపెట్టే పర్మిషన్ లేదు. ఉబుంటు సీడీలో పెట్టకూడదు. అందుకని బీ43 ఎఫ్‌డబ్ల్యూకట్టర్ అని ఒక టూల్ రాశారు. బ్రాడ్‌కామ్ బైనరీ డ్రైవర్ ఫైల్‌ని యూజరే డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఈ టూల్ దాన్ని కోసి లోపలున్న ఫర్మ్‌వేర్ ముక్కని బయటికి తీస్తుంది. లాయర్లకు హ్యాపీ. కానీ డౌన్‌లోడ్ చెయ్యాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే వైఫై కావాలి. వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు. ఇటలీలో బ్రెష్యా యూనివర్సిటీ వాళ్లు 2009లో కొన్ని చిప్‌ల కోసం ఆ ఫర్మ్‌వేర్ కూడా సొంతంగా రాసి ఇచ్చారు. గొప్ప పని, కానీ కొన్ని చిప్‌లకే.

మధ్యలో మనవాళ్లలో మనవాళ్లకే ఒక గొడవ. 2007 ఏప్రిల్‌లో ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్ మార్కస్ గ్లాకర్ తన బ్రాడ్‌కామ్ డ్రైవర్ రాస్తూ, లైనక్స్ డ్రైవర్ కోడ్ ముక్కలు అందులో పెట్టి, పబ్లిక్ రిపాజిటరీలో వేశాడు. లైనక్స్‌ది జీపీఎల్, అక్కడిది బీఎస్‌డీ లైసెన్స్. మైఖేల్ బ్యుష్ వందల మంది చదివే లిస్టులో మెయిల్ పెట్టాడు, "ఇది మా కోడ్" అని. ఓపెన్‌బీఎస్‌డీ లీడర్ థియో డి రాట్‌కి కోపం వచ్చింది. ముందు విడిగా చెప్పచ్చు కదా, అందరి ముందు పరువు తీస్తావా అని. ఆఖరికి గ్లాకర్ ఆ డ్రైవర్నే వదిలేశాడు. లైసెన్స్ పరంగా బ్యుష్ అన్నది కరెక్టే. అయినా నాకు ఇది చదివినప్పుడల్లా బాధేస్తుంది. రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకే మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నారు. తలుపు మూసిన కంపెనీ మాత్రం ఈ గొడవలో ఎక్కడా లేదు.

ఎథెరోస్ సంగతి త్వరగా చెప్తా. వాళ్ల చిప్‌లకి మ్యాడ్‌వైఫై అనే డ్రైవర్ ఉండేది, మధ్యలో సోర్స్ లేని బైనరీ ముక్క ఒకటి. చట్టం కోసం అన్నారు. ఓపెన్‌బీఎస్‌డీకి చెందిన రైక్ ఫ్లోటర్ ఆ ముక్కని రివర్స్ ఇంజనీరింగ్ చేసి మళ్లీ రాశాడు. దాని మీద దొంగ కోడ్ అనే అనుమానాలు వస్తే, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ 2007లో పరిశీలించి క్లీన్ అని తేల్చింది. ఆ పని మీద కట్టిన ఏటీహెచ్5కే 2008లో కెర్నెల్‌లోకి వచ్చింది. అదే ఏడాది ఎథెరోస్ మనసు మార్చుకుంది. కొత్త చిప్‌లకు ఏటీహెచ్9కే డ్రైవర్ తనే ఓపెన్‌గా ఇచ్చింది, పాత బైనరీ ముక్క సోర్స్ కూడా ఇచ్చేసింది. లైనక్స్ డెవలపర్లను ఉద్యోగంలోకి తీసుకుంది, యౌని మాలినెన్‌తో సహా. ఎఫ్‌సీసీ అక్కడే ఉంది, చట్టం అక్కడే ఉంది. కాబట్టి అసలు అడ్డం ఎక్కడుందో మీరే చూడండి.

బ్రాడ్‌కామ్ దిగొచ్చింది 2010 సెప్టెంబర్ 9న. ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది, కానీ కొత్త చిప్‌లు కొన్నింటికే. పాతవాటికి మళ్లీ బీ43నే దిక్కు.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. లారీ ఫింగర్. ఈయన కంప్యూటర్ సైంటిస్ట్ కాదు. అమెరికాలో కార్నెగీ సంస్థ జియోఫిజికల్ ల్యాబ్‌లో స్ఫటికాల నిర్మాణం మీద పనిచేసిన సైంటిస్ట్. ఫింగరైట్ అని ఒక ఖనిజానికి ఆయన పేరే పెట్టారు. అరవై దాటిన తర్వాత, 2005 ప్రాంతంలో లైనక్స్ వైఫై డ్రైవర్ల పని మొదలుపెట్టాడు. బ్రాడ్‌కామ్ డ్రైవర్ మెయింటైన్ చేశాడు. తర్వాత రియల్‌టెక్ మీద పడ్డాడు. రియల్‌టెక్ చిప్‌లు చవక. తక్కువ రేటు ల్యాప్‌టాప్ కొంటే లోపల అదే ఉండే ఛాన్స్ ఎక్కువ, అంటే మనలో చాలామంది స్టూడెంట్స్ దగ్గర ఉన్నవి. కంపెనీ ఇచ్చే కోడ్ గజిబిజిగా ఉండేది. దాన్ని శుభ్రం చేసి కెర్నెల్‌లో పెట్టించడం, పాత కెర్నెల్ వాడేవాళ్ల కోసం గిట్‌హబ్‌లో విడిగా ఉంచడం, "నాకు రావట్లేదు" అన్న ప్రతి కొత్తవాడికీ ఓపిగ్గా జవాబివ్వడం. అదే ఆయన రిటైర్మెంట్. 2024 జూన్‌లో చనిపోయేనాటికి 84 ఏళ్లు. రియల్‌టెక్ కార్డు కోసం వెతికి ఎల్‌డబ్ల్యూఫింగర్ అనే పేజీ నుంచి మీరు ఎప్పుడైనా డ్రైవర్ దించుకుని ఉంటే, అది ఆయన పేజీయే.

రియల్‌టెక్‌తో వచ్చే ఒక ప్రాబ్లమ్ వింటే నమ్మరు. ఆర్‌టీఎల్8723బీఈ అనే చిప్‌కి రెండు యాంటెనా పిన్నులు ఉంటాయి. ఖర్చు మిగులుతుందని కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒక్క యాంటెనానే పెట్టారు. ఏ పిన్నుకి పెట్టారో కార్డు మెమరీలో రాయాలి. అది తప్పు రాశారు. డ్రైవర్ పాపం అది నమ్మి, ఏమీ తగిలించని పిన్ను మీద సిగ్నల్ కోసం వెతుకుతుంది. రౌటర్ పక్కనే కూర్చుంటే వస్తుంది, రెండడుగులు జరిగితే పోతుంది. యాంట్ సెల్ అనే ఆప్షన్‌ని 1 గానీ 2 గానీ పెడితే డ్రైవర్ ఆ పిన్ను వాడుతుంది, ఫుల్ సిగ్నల్. పక్కింటివాళ్ల వైఫై కూడా కనిపిస్తుంది.

సరే, ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ఎల్ఎస్‌పీసీఐ కొట్టి ముందు చిప్ పేరు చూడండి. ల్యాప్‌టాప్ కంపెనీ పేరు కాదు, చిప్ పేరుతో వెతకాలి. తర్వాత డీమెస్గ్ చూడండి. అందులో ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్ అని ఉంటే డ్రైవర్ బాగానే ఉంది, ఫర్మ్‌వేర్ ఫైల్ లేదు. కార్డు గురించి అసలు మాటే లేకపోతే డ్రైవర్ లేదు, అప్పుడు కొత్త కెర్నెల్ ట్రై చెయ్యండి. రియల్‌టెక్ తన ఇంజనీర్లతోనే రాయించిన ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్ 2019లో 5.2 కెర్నెల్‌తో వచ్చింది, కాబట్టి పాత ట్యుటోరియల్‌లో ఉన్న పది కమాండ్లు ఇప్పుడు అవసరం లేకపోవచ్చు. అన్నీ బాగుండి వైఫై ఆన్ కాకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ చూడండి. సాఫ్ట్ బ్లాక్ అయితే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే సరిపోతుంది, హార్డ్ బ్లాక్ అయితే ల్యాప్‌టాప్ పక్కన స్విచ్చో, ఫంక్షన్ కీయో నొక్కాలి.

ఫోన్‌కి కనిపించే రౌటర్ ల్యాప్‌టాప్‌కి మాత్రం కనిపించకపోతే రేడియో చట్టం గుర్తుతెచ్చుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో అమెరికాలో వాడేది 11 ఛానెళ్లు, మన దేశంలో 13. రౌటర్ 12 లేదా 13వ ఛానెల్‌లో ఉండి, ల్యాప్‌టాప్ తను అమెరికాలో ఉన్నా అనుకుంటే ఆ రౌటర్ దానికి లేనట్టే. ఐడబ్ల్యూ రెగ్ గెట్ కొడితే ఏ దేశం అనుకుంటోందో చెప్తుంది.

ఫర్మ్‌వేర్ విషయంలో డెబియన్ చాలా ఏళ్లు పట్టుదలగా ఉంది. సోర్స్ లేనిది మా ఇన్‌స్టాలర్‌లో పెట్టం అని. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగి ఫర్మ్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టమనేది. 2022లో వాళ్లలో వాళ్లు ఓటింగ్ పెట్టుకుని రూల్ మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. కొంతమంది దీన్ని ఓటమి అంటారు. ఒక రకంగా నిజమే. డ్రైవర్ల కోసం అంత పోరాడినా, ఫర్మ్‌వేర్ చాలావరకు ఈరోజుకీ మూసిన పెట్టెలాగే ఉంది. కానీ వైఫై రాక విండోస్‌కి తిరిగి వెళ్లిపోయిన కొత్తవాడి వైపు నుంచి చూస్తే, నేను కూడా ఆ ఓటే వేసేవాడిని.

ఫర్మ్‌వేర్ లేదు, నెట్ లేదు, లాన్ పోర్ట్ కూడా లేదు అనే స్టేజ్‌లో ఉంటే మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. ఉబుంటుకి ఫోన్ ఒక లాన్ కార్డులా కనిపిస్తుంది. డ్రైవర్ కెర్నెల్‌లో ఎప్పటినుంచో ఉంది, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఆ నెట్‌తో ఫర్మ్‌వేర్ ప్యాకేజీ దించుకుని రీస్టార్ట్ చెయ్యండి. ఫోన్ ఆ టైమ్‌లో వైఫైకి కనెక్ట్ అయి ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చవ్వదు.